ఎర్ర డబ్బాల ముత్తయ్య

ఆదిలాబాద్‌లో మేం పనిచేసే జిన్నింగు మిల్లులో ముత్తయ్యను ఏడిపించినట్టు ఇంకెవరినీ ఏడిపించలేదు. మూటగా అదిమి కట్టిన పత్తి బేలు మీద పడి నడుం దెబ్బతిన్నాక, ఉపేందర్‌రావు దొర అతనికి గోడకు వేలాడే ఎర్ర డబ్బాలు చూసుకునే పని ఇచ్చాడు. నిప్పంటుకుంటే వాటితో ఆర్పాలి, లేకుంటే వాటి దుమ్ము తుడవాలి. ఇంతవరకూ నిప్పంటుకుంటే కదా! "డబ్బాలకు తానం పోసినవా ముత్తన్నా?" అని ఆడవాళ్లం ఆటపట్టించేవాళ్లం. మాతోనే పనిచేసే అతని భార్య పోశవ్వకు ఒళ్లు మండిపోయేది.

అతను మాత్రం కోపగించుకోకుండా పాఠం మొదలుపెట్టేవాడు.

"గీ మొన ఉన్నదాంట్ల సోడా నీళ్లు, పైన యాసిడు సీస. గుబ్బ మీద కొడితె సీస పలుగుతది, గ్యాసు లేసి నీళ్లను బయటికి నూకుతది. పత్తికి, కట్టెకు గిది. గా గుండ్రందాన్ని బోర్లిస్తె రెండు మందులు కలిసి నురుగొస్తది. నూనె మంటను దుప్పటోలె కప్పితె గాలాడక సస్తది. కరెంటుకు రెండూ వద్దు, ఇసుకనే."

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ మరుసటేడు దొర పిలిచి, "సీజను కాంగనే గీ కొలువు బంద్. బేళ్లు మోస్తవా, ఇంటికి పోతవా?" అన్నాడు. ఆ నడుంతో బేలెక్కడ మోస్తాడు, పాపం! దిక్కుతోచక దసరాకు కొండగట్టు అంజన్నకు మొక్కుకుందామని వెళ్లాడు. ఇక్కడ ఆయుధపూజలో యంత్రాలతో పాటు డబ్బాలకూ దిట్టంగా పసుపు పూశారు. ఏటా వెనకాలే వచ్చి, మందు చిమ్మే సన్నటి మూతులు తుడిచే మనిషి ఆసారి ఊళ్లో లేడు.

దీపావళి ముందు, ముత్తయ్య తిరిగొచ్చి మళ్లీ పనిలోకి దిగిన నాటి మధ్యాహ్నమే ఇంజను గదిలో డీజిలు భగ్గుమంది. పక్కనే పత్తి కుప్ప. మాతో పనిచేసే భూమవ్వ బిందెతో నీళ్లు పట్టుకుని ఉరికింది.

"నీళ్లొద్దే! నూనె నీళ్ల మీద తేలి మంట పత్తిలకు పోతది!" అంటూ ముత్తయ్య గుండ్రటి డబ్బా దించాడు. చూస్తే దాని మూతి ఎండిన పసుపుతో బిగుసుకుపోయి ఉంది.

"జల్ది బోర్లించు! ఏం సూస్తున్నవ్?" అని అందరం అరిచాం.

"ఆగుండ్రి! మూతి మూసుకుంటె డబ్బనే పలుగుతది."

పోశవ్వ తన పుస్తెలతాడుకున్న పిన్నీసు పీకి అతని చేతిలో పెట్టింది. అమ్మో, ఆ పసుపు రాలేదాకా మా ప్రాణాలు మాలో లేవు! మూతి తెరుచుకోగానే డబ్బా బోర్లించాడు. తెల్లటి నురుగు ఎగజిమ్మి డీజిలును కప్పేసింది. అప్పటికే పత్తి అంచుకు నిప్పంటింది. మొన డబ్బా మూతీ పొడిచి, గుబ్బ మీద ఒక్కటిచ్చాడు. నీళ్లు చిమ్మి ఆ నిప్పూ చల్లారింది.

దొర రొప్పుకుంటూ వచ్చాడు. నోరు తెరవకముందే పోశవ్వ అడ్డం నిలబడింది. "దొరా, గీయన బేళ్లు మోస్తె డబ్బాలెవలు సూడాలె?"

దొర పత్తి కుప్ప వైపు చూశాడు. "ముత్తయ్యా, ఫికర్ చెయ్యకు. నీ కొలువు యాడికీ పోదు" అన్నాడు. పోశవ్వ అక్కడే కూలబడి బోరున ఏడ్చింది.

మరుసటి దసరాకూ పసుపు పెట్టారు, మానతారా మావాళ్లు! అయితే ఈసారి డబ్బా కడుపుకే పెట్టారు. పోశవ్వ ఒక్కో డబ్బా మెడకు పసుపుతాడు కట్టి, దానికో పిన్నీసు తగిలించింది.