అమ్మ కొంగులో మా కాంపౌండు కరెంటు

మా చిన్నప్పుడు... మెట్టుగూడలో మేమున్న కాంపౌండులో ఆరు వాటాలకూ కలిపి ఒకటే మెయిన్ బోర్డు. మెట్ల కింద, చీపుర్లూ బొగ్గుల బస్తా పెట్టుకునే మూలన ఉండేది. ఎవరింట్లో ఏది కాలినా చీకటి మాత్రం అందరికీ సమానం...

ఆ రోజు బోనాల ఆదివారం. నాకు పన్నెండేళ్లు. ప్రతి వాటా చుట్టాలతో నిండిపోయింది. పక్క వాటాలోని బాల్‌రాజ్ మామ వాళ్లింట్లో చాపలు పరిచి, టీవీలో క్రికెట్ చూస్తున్నాం. సాయంత్రం పిట్టగోడ మీద సీరియల్ బల్బులు వెలిగించారో లేదో... టప్‌మని చప్పుడు. టీవీ ఆగింది, ఫ్యాన్లు ఆగాయి, డాబా మీది నుంచి తీగ కాలిన వాసన.

మా వాడలో వైరింగు పని చేసే యాదగిరి, మా అందరి యాదన్న, పరుగున వచ్చాడు. మెయిను దించాడు. ఫ్యూజు తీగ బిగించే పింగాణీ దిమ్మను బోర్డు నుంచి ఊడదీసి, అమ్మ చేతిలో పెట్టి డాబా ఎక్కాడు. జేబులో వేసుకుని నిచ్చెన ఎక్కితే జారిపడి పగులుతుందని అలా ఇచ్చేవాడు. అమ్మ దాన్ని తాళంచెవుల్లాగే కొంగున ముడి వేసుకునేది... పైనున్న మనిషి దిగి వచ్చి అడిగితే తప్ప విప్పేది కాదు.

సమయం గడుస్తోంది. ఆటలో చివరి ఓవర్లు. మామ గుమ్మంలోకీ ఇంట్లోకీ తిరుగుతున్నాడు. పైకి చూసి యాదగిరీ అని రెండు మూడుసార్లు కేక వేశాడు. జవాబు లేదు. గేటు దగ్గర చూస్తే యాదన్న సైకిలూ లేదు.

"పని అయిపోగొట్టి ఎప్పుడో పోయిండు చెల్లె. ఆ ఫ్యూజ్ గిటియ్యి."

"ఆయనొచ్చి అడగాలె అన్నా. నువ్వడిగితే ఇయ్య."

ఇంతమంది చుట్టాల ముందు ఆ మాట పడేసరికి మామకు పౌరుషం వచ్చింది. ఇంట్లోకి వెళ్లి, సరిగ్గా అదే కొలతలో ఉన్న తన పాత ఫ్యూజు దిమ్మ పట్టుకొచ్చాడు. అమ్మ బోర్డుకు వీపు ఆనించి నిలబడింది. చుట్టూ చేరినవాళ్లలో సగం మంది నవ్వుతున్నారు, సగం మంది అమ్మది మొండితనం అంటున్నారు. అమ్మ నా భుజం మీద ఒక్క చరుపు చరిచి, పైకి పోయి చూసి రమ్మంది.

ఎలా ఎక్కానో తెలియదు... మెట్లు, ఆపైన నిచ్చెన, పిట్టగోడ. అవతల నీళ్ల ట్యాంకు చాటున యాదన్న గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఒక తీగ కొస చేతిలో ఉంది. రెండోది పళ్ల మధ్య... దాని పైతొడుగును పళ్లతో ఒలుస్తున్నాడు! జవాబు ఎందుకు రాలేదో ఆ క్షణాన అర్థమైంది.

"ఉన్నడే అమ్మా! వైరు నోట్లనే ఉన్నది!"

నా జీవితంలో అంత గట్టిగా మళ్లీ అరవలేదు.  మామ చేతిలోని దిమ్మను బొగ్గుల బస్తా మీద పెట్టి, బోర్డు దగ్గర్నుంచి పక్కకు జరిగాడట.

కాసేపటికి యాదన్న దిగివచ్చాడు. టేపు తెమ్మని తమ్ముడికి సైకిలిచ్చి మోండా మార్కెట్‌కు పంపాడట, అది రాగానే తీగలకు చుట్టి దిగాడు, అంతే సంగతి. విషయం విని పెదవులు తుడుచుకున్నాడు. మామ అమ్మ వైపు తిరిగాడు.

"మ్యాచ్ పోతే పోయింది చెల్లె... నన్ను జైలుకు పోకుంట ఆపినవ్."

"జైలు సంగతి తర్వాత. వాళ్లమ్మకు ఏం జెప్తుంటివే అన్నా?"

యాదన్న అడిగాకే అమ్మ ముడి విప్పింది. యాదన్న ఫ్యూజు పెట్టి మెయిను ఎత్తగానే... ఆహా! ఫ్యాన్లు, టీవీ, గోడ పొడవునా ఎరుపూ పచ్చా బల్బులు, పిల్లలందరి గొంతుల్లో ఒక్కటే కేక. ఇది టైపు చేస్తుంటే ఇప్పటికీ నా చేతుల మీద వెంట్రుకలు లేస్తున్నాయి. నేర్చుకుంటే ఈ పనే నేర్చుకోవాలని అక్కడే తేల్చుకున్నాను.

పదో తరగతి కాగానే అమ్మే నన్ను యాదన్నకు అప్పగించింది. నేను ఐటీఐ చదవలేదు. పాత పాఠ్యపుస్తకాలు కొని, సర్క్యూటు బొమ్మలు గీసి గీసి నేర్చుకున్నాను. పరీక్ష రాసి వైర్‌మన్ పర్మిట్ సంపాదించేసరికి చాలా ఏళ్లు పట్టింది.

ఈ వృత్తిలోకి ఎలా రావాలని నన్ను అడిగే పిల్లలకు వరుసగా చెబుతాను. ఒకటి, పదో తరగతి పూర్తి చేయండి. రెండు, ఐటీఐలో రెండేళ్ల ఎలక్ట్రీషియన్ ట్రేడులో చేరండి. మూడు, అప్రెంటిస్‌గా చేరి అనుభవజ్ఞుల చేతి కింద పని చేయండి. నాలుగు, పర్మిట్ తెచ్చుకోండి. అయిదోది ఏ సిలబస్‌లోనూ చివరన ఉండకూడదు, ఇక్కడ చివర రాసినా పిల్లలకు మొదట చెప్పేది ఇదే... కరెంటు ఆపడం, ఆపినదాన్ని మరొకరు వేయలేకుండా చూడటం, లేదని పరీక్షించాకే తీగ ముట్టుకోవడం. ఇక పళ్లు అన్నం తినడానికి మాత్రమే!

నిజంగా గొప్ప పని ఇది. చీకటి ఇంట్లోకి వెళ్లి, వెలుగులో బయటికి వస్తాం. ఇంకే ఉద్యోగంలో ఉంది చెప్పండి ఈ ఆనందం?

ఇప్పుడు ఇంటికో మీటరు, గదికో స్విచ్చు... అన్నీ మంచికే, కాదనను. కానీ ఎవరి తలుపు వారు వేసుకున్నాక, పైన పని చేస్తున్న మనిషి కోసం కింద అడ్డంగా నిలబడేవాళ్లు తగ్గిపోయారనిపిస్తుంది...

మీ వాడలో అలా నిలబడినవాళ్లు ఎవరు? వారి పేర్లు కింద రాయండి, అన్నీ చదువుతాను.