కుదిరేదాకా ఆగండి

వయొలిన్ బావకి ఒక్కటే జబ్బు. కళ్ళు మూసుకుని ధ్యానం కుదిరితే గానీ తీగ మీద కమాను ఆనించడు. అదెప్పుడు కుదురుతుందో ఆయనకీ తెలీదు, పైవాడికీ తెలీదు. ఎదురుగా జనం దగ్గుతూ, గడియారాలు చూసుకుంటూ ఉంటారు. ఎవరైనా కదిపితే, "ఆగండి, ఇంకా కుదర్లేదు" అంటాడు. అంతే.

ఈ జబ్బుకి ఇరవయ్యేళ్ళుగా బలవుతున్నవాడు పక్కన డోలు వాయించే చెల్లెలి మొగుడు. పగలంతా లాండ్రీలో ఇస్త్రీ చేసి, డోలు భుజాన వేసుకుని, చెమటలు కక్కుతూ పరిగెత్తుకొస్తాడు. తీరా వచ్చి చూస్తే ఈయన రాతిబొమ్మలా కూర్చుని ఉంటాడు. డోలాయనకి ఒళ్ళు మండిపోయేది.

"నేను చచ్చీ చెడీ వస్తే నువ్వు కునుకు తీస్తున్నావా బావా?" అని చెవిలో కసిరేవాడు.

ఒక పెళ్ళిరోజున డోలాయన బస్సు తప్పి నడిచొచ్చాడు. బావ కళ్ళు తెరిచేసరికి కొత్త దంపతులు కారెక్కి వెళ్ళిపోయారు. గిన్నెలు తోముకుంటున్న వంటవాళ్ళకే వాయించి, "వీళ్ళు బాగా విన్నారోయ్" అని తృప్తిపడ్డాడు కూడా బావ. దాంతో పెళ్ళిళ్ళవాళ్ళు పిలవడం మానేశారు, చావులవాళ్ళే మిగిలారు. పోయినవాళ్ళకి తొందరుండదు కదా! ఒక చావింట్లో ఆయన ఎంతకీ కదలకపోతే ఓ ముసలాయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, "ఈయన ఇంకా ఉన్నాడర్రా" అని అందరికీ చెప్పాడు.

ఆ తర్వాత నవ్వే రోజులు పోయాయి. డోలాయన భార్యకి ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఆస్పత్రిలో చేర్చిన పదిహేనో రోజున డాక్టరు ఆయన్ని వరండాలోకి పిలిచి, రేపు వేరే గదికి మార్చి గొంతులోకి గొట్టం వేస్తామనీ, ఆ గదిలోకి ఎవర్నీ రానివ్వమనీ చెప్పాడు. ఆమె మళ్ళీ బయటికొస్తుందని మాత్రం చెప్పలేదు.

"అన్నయ్యతో కలిసి ఒక్క పాట వాయించండి. వినాలనుంది" అని అడిగిందామె. నర్సమ్మ దయతలచి నాలుగింటి నుంచి అరగంట ఇచ్చింది.

సరిగ్గా నాలుగింటికి డోలాయన లాండ్రీ నుంచి పరుగున వచ్చాడు. మంచం పక్కన స్టూలు మీద బావ కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఐదు నిమిషాలయ్యాయి. పది అయ్యాయి. పక్క మంచాలవాళ్ళు తొంగి చూస్తున్నారు.

"ఇక్కడ కూడానా బావా! నీ ధ్యానం తగలెయ్య! దానికి ఉన్నదే అరగంట!"

"అరవకండి," అంది ఆమె, మాటమాటకీ ఆగుతూ. "మీ రొప్పు తగ్గాలని ఆగాడు. ఎప్పుడూ అందుకే ఆగుతాడు."

"ఏంటీ?"

"మన పెళ్ళైన కొత్తలో మీరు పరిగెత్తుకొచ్చి అదే ఊపులో డోలు మీద చెయ్యేశారు. చేతులు వణికి దెబ్బలు తప్పాయి. జనం ఈలలేశారు. ఆ రోజు మీరు అన్నం కూడా ముట్టలేదు. మర్నాటి నుంచే అన్నయ్యకి ఈ ధ్యానం పట్టుకుంది."

వయొలిన్ బావ ఒక కన్ను తెరిచాడు. "చెప్పొద్దన్నాను కదే."

పోయిన పెళ్ళిళ్ళు, బావ పడ్డ తిట్లు, అన్నీ తన కోసమేనా? డోలాయన సిగ్గుతో తల దించుకున్నాడు.

"అయితే ధ్యానమంతా వేషమా బావా?"

"వేషమెందుకవుతుంది? కళ్ళు మూసుకుని నీ ఊపిరి వింటూ కూర్చుంటా. నాకు తెలిసిన ధ్యానం అదే. నీది కుదిరింది. దీనిదే... ఎంతసేపు విన్నా కుదరడం లేదు."

"ఇంక కుదరదులే అన్నయ్యా. ఇలాగే మొదలెట్టు."

కమాను కదిలింది. ఆమె ఊపిరి ఆగినచోట ఆగి, ఎగిసినచోట లేచి, పాట నడిచింది. ఆ నడకకి ఏ తాళమూ సరిపోదు. డోలాయన ఆమె గుండెల మీదే చూపు నిలిపి, వేలి కొసలతో వెంట నడిచాడు. మూడుసార్లు తప్పాడు. టైమైందని చెప్పడానికి వచ్చిన నర్సమ్మ తలుపు దగ్గరే నిలబడిపోయింది.

పాట అయ్యాక ఆమె మొగుడి వైపు తిరిగింది. "తాళం తప్పారు."

"నేనా? తప్పింది నువ్వు. నేను నీ వెనకే వచ్చాను."

ఆమె నవ్వింది. నవ్వు మధ్యలో దగ్గొచ్చింది, దగ్గు మధ్యలో మళ్ళీ నవ్వొచ్చింది. డోలాయన రెండింటికీ తడబడకుండా దరువేశాడు.