విడదీయబోతే

ఉద్యోగం కోసం జపాన్‌లోని ఒసాకా వెళ్ళిన కొత్త. సాయంత్రం రైల్వే ప్లాట్‌ఫారం మీద, టై కట్టుకున్న ఇద్దరు పెద్దమనుషులు ఒక్క తిట్టయినా తిట్టుకోకుండా పిడిగుద్దులు గుద్దుకుంటున్నారు. ఒకాయన నోటి నుంచి రక్తం కారుతోంది. క్యూలో నిలబడ్డవాళ్ళెవరూ కదల్లేదు. మా రాజమండ్రిలో అయితే చెయ్యి లేవకముందే పదిమంది అడ్డం పడతారు.

ఉండబట్టలేక, "ఆగండి బాబూ, ఆగండి!" అంటూ తెలుగులోనే మధ్యలో దూరాను. ముక్కు మీద గుద్దు పడింది. రక్తమోడుతూ కూలబడ్డాను.

ఇద్దరూ టక్కున ఆగి, నడుం వంచి నాకు దణ్ణాలు పెట్టారు. ఒకాయన తన రుమాలిచ్చాడు. అమ్మయ్య, చల్లబడ్డారనుకున్నాను. నన్ను జాగ్రత్తగా బెంచీ మీద కూర్చోబెట్టి, వెనక్కి వెళ్ళి మళ్ళీ కొట్టుకున్నారు.

"వదలండ్రా నన్ను, ఈవేళ ఆణ్ణి చంపేత్తాను!" అని మా వీధిలో అరిచేవాళ్ళంతా, పట్టుకునేవాళ్ళు ఉండబట్టే అరిచేవారని ఆ బెంచీ మీద కూర్చున్నాకే తెలిసింది.