భాయి వాలుగా గీసిన గీత

గతించినవారిని నలుగురి ఎదుట తలచుకొనడం కూడా ఒక తర్పణమేనని నా నమ్మకం. మా వీధి చివర వెల్డింగు కొట్టు నడిపిన భాయికి నిన్నటితో నలభై దినాలు నిండి, ఇంట ఆయన ఆత్మశాంతికై ఫాతిహా చదివించారు. ఆయన మరణవార్తను తెచ్చినవాడు పెద్దకొడుకు. మా అరుగు ముందు నిలబడి, "పంతులుగారూ, మా అబ్బా పొద్దున్నే పోయాడండి" అని, కూర్చోమన్నా కూర్చోక వెళ్ళిపోయాడు. ఆనాటి నుంచి దుఃఖం కంటె ముందుగా ఒక సందేహం నన్ను పట్టుకొని ఉన్నది. దానిని మీ ఎదుట ఉంచడానికే ఈ నాలుగు మాటలు.

నరసరావుపేటలోని ఆయన కొట్టులో టేపు కంటె సుద్దముక్కకు గౌరవం ఎక్కువ. గేటు కావాలన్నా, ట్రాక్టరు ట్రక్కుకు తలుపు కావాలన్నా, వచ్చినవాని చేతికి సుద్దముక్క ఇచ్చి, "ముందు నేల మీద గీయండి. మాటల్తో చెప్తే మీకొకటి, నాకొకటి కనపడుద్ది" అనేవారు. గీయడం ముగిసేదాకా నోరు విప్పేవారు కారు. సాయంత్రం నేను ఆ దారిన పోతే మాత్రం పని ఆపి, "ఒక పద్యం చదివి పొండి పంతులుగారూ, ఈ మోత చెవుల్లోంచి పోవాల" అని స్టూలు జరిపేవారు. అర్థం ఎన్నడూ అడగలేదు. రాగం తప్పితే మాత్రం కనిపెట్టేవారు.

మా చిన్నమ్మాయి డిగ్రీ చదువుతూ జిల్లా ఎయిర్‌గన్ పోటీలకు ఎంపికైన ఏడు, సాధన కోసం మా బావమరిది తన జొన్నచేలో పిట్టలను బెదరించే గాలితుపాకిని తెచ్చి ఇచ్చాడు. పెరటి గోడకు కాగితం అంటించి కాల్చగా, సున్నం రాలి, గోడ అవతలివారు తగవుకు వచ్చారు. కాగితాన్ని పట్టి ఉంచి, సీసపు గుళికను ఆపే ఇనుప పీఠం ఒకటి అవసరమైంది. భాయి సుద్దముక్క ఇచ్చారు. నేను నాలుగు కాళ్ళు గీసి, వాటి మీద పలకను నిటారుగా గీశాను. ఆయన చాలాసేపు చూసి, నా గీత పక్కనే మరొక గీతను, పైకొన కాల్చేవారి వైపు వంగేట్లు, వాలుగా గీశారు.

"ఇట్లా వంచితే గుండు కిందకి జారుద్దండి. కింద ఇసక డబ్బా పెడదాం."

"లక్ష్యం విలుకానికి ఎదురుగా, నిటారుగా ఉండాలి భాయీ. ధనుర్విద్యా శాస్త్రం చెప్పేది అదే."

"శాస్త్రంలో ఇనప రేకు ఉందంటారా?"

"లక్ష్యానికి వంకర పనికిరాదు."

ఆయన నవ్వి, తన గీతను కాలితో చెరిపివేశారు. "సరే. చదువుకున్నోరు, మీ మాట కాదంటానా."

రెండు రోజులలో పీఠం వచ్చింది. యాంగిల్ ఇనుముతో కాళ్ళు, పాత ట్రక్కు నుంచి కోసిన మందపు పలక, కాగితానికి పైన రెండు క్లిప్పులు. తానే పెరట్లో దించి, మా అమ్మాయి పక్కన ఒక అడుగు ముందుగా నిలబడ్డారు. "కొట్టమ్మా, మీ నాయన శాస్త్రం ఎట్టుందో చూద్దాం" అన్నారు. మొదటి రెండు గుళికలు ఎటు పోయాయో తెలియదు. మూడవది పలకకు తగిలి ఖంగున మోగింది. ఆయన ఎడమకంటి మీద చేయి వేసుకున్నారు.

"ఏమైంది మామా?" అన్నది మా అమ్మాయి.

"ఏం లేదమ్మా, దుమ్ము. ఇయ్యాల్టికి చాల్లే. దీనికి ఇంకొంచెం పనుంది."

కంటి మీది చేయి తీయకుండానే రిక్షాను పిలిచి పీఠాన్ని తీసుకొని పోయారు. మరునాడది వాలుపలకతో, కింద ఇసుక డబ్బాతో తిరిగి వచ్చింది. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. మా అమ్మాయి దాని ముందే సాధన చేసి జిల్లాలో మూడవ స్థానం తెచ్చుకున్నది.

ఏడాది తిరగకముందే ఆయనకు ఆ కన్ను మసకబారింది. గుంటూరులో చూపించినా ప్రయోజనం లేకపోయింది. నేను విచారించినప్పుడల్లా, "వెల్డింగు వెలుగండీ, మా పనోళ్ళకి చానామందికి ఇంతే" అని మాట మార్చి పద్యం అడిగేవారు.

నిన్న ఫాతిహా తరువాత ధైర్యం చేసి, ఆ కన్ను గుళిక తగిలే పోయిందా అని ఇంట్లో అడిగాను.

"గుండు కాదండి," అన్నాడు పెద్దకొడుకు. "పాతికేళ్ళు నల్లద్దం పెట్టుకోకుండా పనిచేశాడు. చెప్తే వినే మనిషా?"

ఆయన ఇల్లాలు లోపలి నుంచి వచ్చింది. "నీకేం తెలుసురా. ఆ సాయంత్రం తడిగుడ్డ ఏసింది నేను. పంతులుగారికి చెప్పమాక, ఆ పిల్ల ఇంక తుపాకి ముట్టుకోదు అన్నాడు."

"నాతో అట్టా అనలేదమ్మీ."

"నీతో ఎందుకంటాడు, నీ నోట్లో మాట దాగుద్దా?"

ఇద్దరూ అబద్ధమాడేవారు కారు. మరి నా మాట ఆ కంటిని తీసిందా, లేదా? వాలుగీత గీసిన మనిషికి గుళిక వెనుదిరుగుతుందని తెలియదా? తెలిసి అక్కడ ఎందుకు నిలిచారు? నా పట్ల మర్యాదా, నా మొండితనాన్ని నాకే చూపాలన్న చిలిపితనమా? లేక చదివినవాడు చెప్పాడు గనుక, తన చేతికి తెలిసినదే తప్పేమో అనుకున్నారా? ఈ చివరిది తలపునకు వస్తే చదువుతున్న పుస్తకాన్ని మూసివేస్తాను. తర్కం పాఠం చెబుతూ, సంశయాన్ని తీర్చుకొనే మార్గాలను జీవితమంతా ఇతరులకు బోధించాను. అందులో ఒక్కటీ ఈ వేళ నాకు అక్కరకు రావడం లేదు.

ఆమె సేమ్యా గిన్నె నా ముందు పెట్టి, "చల్లారిపోద్ది, తినండి అన్నయ్యా" అన్నది. నేను తింటున్నంతసేపూ తల్లీకొడుకులు ఆ కంటిని గురించి వాదించుకుంటూనే ఉన్నారు.

రాబోవు కాలంలో చేతిపని ఎరిగినవానికి, చదువరి ఎదుట కాదని చెప్పే చనువు కలుగుగాక. చదువరికి ఆ మాట విని తన మాటను వెనక్కి తీసుకొనే బుద్ధి కలుగుగాక. వారిద్దరి కళ్ళూ చివరిదాకా చల్లగా ఉండుగాక.