చెరిపే ముందు ఖాజా అన్న

ఖాజా అన్నకు ఫొటోలు తీయడం తప్ప ఇంకో పని రాదు. ఈ మాట నేను అతని ముందే అంటాను. బల్మూర్‌లో అతని స్టూడియో, నా టైలరింగ్ షాపు పక్కపక్కనే, మధ్య ఒక్కటే గోడ. "గదుమ జర పైకి, కండ్లు మూయకు" అని అతను జనానికి చెప్పే మాటలు వింటూ ఇరవై ఏళ్లుగా బ్లౌజులు కుడుతున్నాను. పింఛనుకైనా, రేషన్ కార్డుకైనా, ఉపాధి కార్డుకైనా అతని ముందు కూర్చోని మనిషి ఈ చుట్టుపక్కల లేడు. మనిషి పోయాక పటం కట్టించడానికీ ఇంట్లోవాళ్లు అతని దగ్గరికే వస్తారు. సర్కారు కోసం దిగిన ఫొటోకే చివరికి దండ పడుతుంది. అందుకే అతను ఒక్క ఫొటో కూడా తీసేయడు. అన్నీ పదమూడేళ్ల నాటి లాప్‌టాప్‌లో దాస్తాడు. ఇంకోచోట కాపీ పెట్టుకోవయ్యా అంటే "చూద్దాం చెల్లె" అంటాడు. ఆ చూడటం ఎన్నడూ జరగలేదు.

మొన్న మంగళవారం ఆ లాప్‌టాప్ తెరుచుకోలేదు. తెర మీద చక్రం తిరిగింది, ఆగింది, నల్లబడింది. సరిగ్గా ఆ పొద్దే తిరుపతమ్మ కబురు పంపింది. ఆమె భర్త రామన్న పత్తి చేనులో కుప్పకూలి పోయి వారమైంది. శుక్రవారం దినాలు. పటానికి ఫొటో కావాలి. ఆధార్ కార్డు మీది ఫొటో పెద్దది చేయిస్తే ముక్కేదో మూతేదో తెలియలేదట. ఉపాధి కార్డు వానకు నానిపోయింది. ఇక రామన్న మొహం ఎక్కడైనా ఉందంటే ఆ లాప్‌టాప్‌లోనే.

"ఏం జెయ్యాలె చెల్లె? దిమాక్ పనిజేస్తలేదు," అన్నాడు ఖాజా అన్న. నాది మాత్రం పనిచేస్తోందా?

నాగర్‌కర్నూల్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే శైలజ మేడమ్ ఉండేది మా వీధిలోనే. బుధవారం పొద్దున బస్సుకు పోతూ ఆగి చూసింది. డిస్కు బాగానే ఉందట, దాన్ని నడిపే సిస్టమే చెడిందట. కొత్త సిస్టమ్‌లు ఈ ముసలిదానికి బరువు, లినక్స్ అనే సిస్టమ్ అయితే తేలిక, డబ్బులు కూడా అక్కర్లేదు అంది. అది ఉన్న ఒక పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టి, నా కొలతల చీటీ వెనక నాలుగు ముక్కలు రాసింది. "ముందు ఫొటోలు బయటికి కాపీ చెయ్యండి. అవి తెరిచి చూడండి. తర్వాతే ఇన్‌స్టాల్. మధ్యలో కరెంటు పోవద్దు," అని బస్సెక్కేసింది.

కరెంటు పోవద్దట! లాప్‌టాప్ బ్యాటరీ చచ్చి ఎన్నేళ్లయిందో అతనికే గుర్తులేదు. నా షాపులో ఇన్వర్టర్ ఉంది కాబట్టి లాప్‌టాప్‌ను నా కటింగ్ బల్ల మీదికి తెచ్చాం. పెన్‌డ్రైవ్ గుచ్చి స్విచ్చు వేయగానే పై వరసలో ఒక బటన్ నొక్కాలని చీటీలో ఉంది. మూడుసార్లు వేశాడు, మూడుసార్లూ ఆలస్యంగా నొక్కాడు. ఊరందరినీ రెప్ప వేయకుండా కూర్చోబెట్టే మనిషికి ఒక్క బటన్ చేతకాలేదు. నాలుగోసారి నేను నొక్కాను.

తెర మీద రెండు మాటలు వచ్చాయి: ట్రై, ఇన్‌స్టాల్. శైలజకు ఫోన్ చేస్తే, "ట్రై నొక్కండక్కా, అది డిస్కును ముట్టుకోదు," అంది. నొక్కాం. నీలం తెర, బొమ్మలు, అన్నీ వచ్చేశాయి.

"ఎక్కియ్యకముందే ఎట్ల నడుస్తుంది?" అన్నాడు ఖాజా అన్న.

"పెన్‌డ్రైవ్ మీంచి నడుస్తోంది."

"మరింక ఎక్కిచ్చుడెందుకు?"

నాకు జవాబు తెలియలేదు. తెలియనప్పుడు నాకు కోపం వస్తుంది. "నువ్వు ఊకోరాదు!" అని కసిరాను.

తర్వాత ఇంకో తిప్పలు. ఫొటోలన్నీ డీ డ్రైవ్‌లో ఉన్నాయని అతని నమ్మకం. ఇందులో సీ లేదు, డీ లేదు, ఏవో అంకెలు. "నా డీ యేది?" అని తప్పిపోయిన బర్రెను వెతికినట్టు తెరంతా వెతికాడు. ఒకటి తెరిస్తే ఏదో చెత్త. రెండోది తెరిస్తే ఏళ్ల వారీగా ఫోల్డర్లు. "యా అల్లా, ఉన్నయ్!" అని కుర్చీలో కూలబడ్డాడు.

ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి కాపీ మొదలుపెట్టాం. పద్నాలుగు నిమిషాలంది, తర్వాత రెండు గంటలంది, మళ్లీ తొమ్మిది నిమిషాలంది. ఏది నమ్మాలో తెలియక గడియారం వైపు చూడటం మానేశాను.

అంతలో తిరుపతమ్మ తానే వచ్చింది. దినాలు కాకముందే గడప దాటిందని ఎదురు హోటల్లో ఎవరో గొణిగారు. నేను అటు తిరిగి చూసేసరికి నోళ్లు మూతపడ్డాయి.

"ఆయన దొరికిండా అన్నా?" అంది.

"దొరుకుతడు. కూసోమ్మా."

కాపీ అయిపోయింది. రామన్నను కళ్లారా చూడనిదే ఇన్‌స్టాల్ ముట్టుకోనని ఖాజా అన్న మొండికేశాడు. ఫొటోలకు పేర్లు లేవు, నంబర్లే. ఉపాధి కార్డుల ఫోల్డర్లో ఆరువందల పైన మొహాలు. ఒక్కొక్కటే తెరుస్తుంటే తిరుపతమ్మ, "ఈయన పోయిండు... ఈమె గూడ పోయింది... వీళ్లు పూనాల ఉన్నరు," అంటూ వచ్చింది. గంటసేపయ్యాక, "ఆగన్నా," అంది.

ఫొటోలో ఆలుమగలిద్దరూ భుజం భుజం ఆనించి నిలబడ్డారు. రామన్న చొక్కా మెడదాకా గుండీలు పెట్టుకున్నాడు. తిరుపతమ్మ ఏడవలేదు, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాకే కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ ఒక్క ఫొటో నా ఫోన్లోకి కూడా పంపుకొని ఇన్‌స్టాల్ మొదలుపెట్టాం. డిస్కు మొత్తం చెరిపేయమంటారా అని తెర మీద అడిగింది. ఖాజా అన్న నాలుగుసార్లు వేలు వెనక్కి తీసుకున్నాడు.

"నిజంగ అన్నీ పోతయా?"

"దాంట్లోంచి పోతాయి, పెన్‌డ్రైవ్‌లో ఉంటాయి."

"పక్కానా?"

"తెరిచి చూశాం కదయ్యా, నొక్కు!"

బిస్మిల్లా అని నొక్కాడు. అరగంట ముగ్గురం తెర ముందే కూర్చున్నాం. ఆఖరికి లాప్‌టాప్ తనంతట తాను తెరుచుకుంది. ఖాజా అన్న నా చేతులు పట్టుకోబోయి, ఆగి, నవ్వాడు.

రామన్న ఫొటో తెరిచి, ఎప్పటిలాగే అతని చుట్టూ గీత గీశాడు. తిరుపతమ్మ గీత అవతల పడింది.

"నన్నెందుకు కోస్తున్నవన్నా?"

"దండేసే పటంల బతికున్నోళ్లు ఉండొద్దమ్మా. మీవోళ్లే ఊకోరు."

"బొంబాయి పోయినా, పూనా పోయినా జోడీగనే పోయినం. ఒక్కరే వస్తమంటే కూలికి తోల్కపోయే మేస్త్రి ఒప్పుకోకపోతుండె." ఆమె తెర మీది తన బొమ్మ మీద వేలు పెట్టింది. "ఎల్లుండి గాజులు తీస్తరు, బొట్టు తీస్తరు. గీ ఫొటోలకెళ్లి గూడ నువ్వే తీస్తవా?"

ఖాజా అన్న మౌస్ మీద నుంచి చెయ్యి తీశాడు.

రెండు ఫొటోలు వేశాడు. పటానికి రామన్న ఒక్కడే. ఆమెకు ఇద్దరూ. తిరుపతమ్మ ఇద్దరూ ఉన్నదాన్ని కొంగులో చుట్టుకొని మెట్లు దిగి వెళ్లిపోయింది. ఒక్కడున్నది బల్ల మీదే ఉండిపోతే, దాన్ని పట్టుకొని ఖాజా అన్న ఆమె వెనక పరుగెత్తాడు.