గడ్డకట్టిన నేల మీద మా కాపురం

ఎనభైల్లో జిదాఫ్స్‌లో మా ఆయన పనిచేసే చేపల కోల్డ్ స్టోరేజీ గోడకి ఆనుకునే మా గది. ఆయనకొచ్చే జీతానికి బయట అద్దెకుండలేం. కంపెనీ ఆ గది ఇచ్చింది కాబట్టి నేను బహ్రెయిన్లో ఉన్నాను. అది పోతే విమానమెక్కాల్సిందే.

ఊరంతా పెనంలా కాలుతున్నా మా నేల చల్లగా ఉండేది. దేవుని కృప! శుక్రవారం తెలుగు సహవాసం మా గదిలోనే. సాక్ష్యాలు అయిపోయినా ఎవరూ చాప మీంచి లేచేవారు కాదు. ఆత్మీయ దాహమనేవారు పాస్టరయ్యగారు, అరిచేతులు నేలకి ఆనించుకుని.

రెండో ఏడు గోడవారగా నేల ఉబ్బింది. దాని మీద చాప పరిస్తే ఒంటె మూపురమే.

"ఏమండీ, ఆఫీసులో చెప్పండి."

"చెబితే ఖాళీ చేయిస్తారే. నోరు మెదపకు."

ఇక మిగిలింది ప్రార్థనే. మూపురం దిగాలని వారంవారం అందరం మొరపెట్టాం. అంతలో గోడ అవతలి పాత ఫ్రీజరు గది ఆపేశారు. దాన్ని మేం లెక్కలోకి తీసుకోలేదు. మూపురం దిగింది! సేమ్యా పాయసం వండి పంచాను. నేల చదునైంది. కానీ ఆగలేదు, ఇంకా దిగింది. గోడ బీటలిచ్చింది.

"ఎంతవరకు దిగాలో ప్రార్థనలో చెప్పలేదా అక్కా?" అంది సహవాసంలోని నర్సమ్మాయి.

"చదునైతే చాలనే అనుకున్నానమ్మా."

"అనుకుంటే ఎలా? అయ్యగారేమో గట్టిగా అడగమన్నారు. అందరం గట్టిగా అడిగేశాం."

ఆ శుక్రవారం ఆఖరి పాటయ్యాక తలుపు తెరుచుకోలేదు. గుమ్మం ఒరిగి బిగుసుకుపోయింది. అయ్యగారు భుజమానించి, "అపొస్తలులకి చెరసాల తలుపులే తెరుచుకున్నాయి" అన్నారు.

"అక్కడ తెరిచింది దేవదూత. మీరు జరగండయ్యగారూ" అని నర్సమ్మాయి కిటికీలోంచి, "భాయ్! దర్వాజా! యల్లా!" అని తొందరపెడుతూ కేకేసింది.

లోడింగువాళ్లు గునపంతో వచ్చారు. వాళ్ల వెనకే, ఎవరికి తెలియకూడదనుకున్నామో ఆ కంపెనీ ఇంజనీరు.

నేను బడికెళ్లలేదు. మా అమ్మ దగ్గర బైబిలు కూడబలుక్కుంటూ చదువు నేర్చుకున్నాను. అందుకని ఇంజనీరు నాకు నిదానంగా చెప్పాడు. ఫ్రీజరు చలి ఏళ్లతరబడి కిందికి దిగి, నేలలోని తడి గడ్డకట్టి పైకి ఉబ్బిందట. ఫ్రీజరు ఆపేశాక ఇప్పుడది కరిగి బురదై కుంగుతోందట. మంచుదేశాల్లో ఏడాదంతా గడ్డకట్టి ఉండే నేల మీద ఇళ్లు కడతారట, ఆ నేల కరిగితే అవీ ఇలాగే ఒరుగుతాయట. ఈమధ్య భూమి వేడెక్కి అక్కడి ఇళ్లు బీటలిస్తున్నాయని టీవీలో చూపిస్తే, చుట్టాలింటి కబురు విన్నట్టే ఉంటుంది నాకు.

"ఇక్కడ ఉండకూడదు" అన్నాడు ఇంజనీరు.

"ఖలాస్" అన్నారు మా ఆయన. నా పెట్టె వైపు చూశారు.

"మీ ఫ్రీజరు పాడుచేసిన గది ఇది. వేరే గది మీరే ఇవ్వాలి" అని ఇంజనీరు మా వీసా యజమాని కఫీలుకి గట్టిగా చెప్పాడు. అన్యుడైనా ఆయన్ని నేటికీ దీవిస్తాను.

సనాబిస్‌లో మేడమీద గది ఇచ్చారు. సామాను దించి మోకరించబోతే మోకాళ్లు చుర్రుమన్నాయి. కింద రొట్టెల బట్టీ! గబుక్కున లేచి, నిలబడే స్తోత్రం చెప్పుకున్నాను.