ఉత్తరం వైపు తల

నా చిన్నప్పుడు, మూడో క్లాసుతో బడి ఆగిపోయిన ఏడు, టైఫాయిడ్ జ్వరంతో రాజపాళయం ఆస్పత్రిలో పన్నెండు రోజులు పడుకున్నాను. అమ్మకు మిల్లు పని. మా అవ్వ పొద్దున గంజి తాగించి పొలానికి వెళ్ళిపోయేది. ఆ తర్వాత నాతో మాట్లాడే మనిషి ఉండేది కాదు.

పక్క మంచంలో ఒక ముస్లిం ముసలామె. అందరూ బీబీ అనేవాళ్ళు. పిల్లలు లేరు. తలుపు చప్పుడైతే ఇద్దరం తల తిప్పి చూసేవాళ్ళం. వచ్చింది మా వాళ్ళెవరూ కాకపోతే కళ్ళు మూసుకునేవాళ్ళం.

ఒక పొద్దున బీబీకి ఎగశ్వాస మొదలైంది. మా అవ్వ తులసినీళ్ళు తెచ్చి ఆమె నోట్లో పోయబోయింది. నర్సక్క పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఉండవ్వా. ఆమెకేం కావాలో అడిగినావా?"

"పోయే ప్రాణాన్ని అడిగేదేముందే? పుణ్యమని పోస్తా ఉండాను."

"పుణ్యం నీకా, ఆమెకా?"

నర్సక్క వంగి బీబీనే అడిగింది. పడమటికి, మక్కా వైపుకు, ముఖం తిప్పమనీ, చెవిలో ఎవరైనా దేవుడి మాట చెప్పాలనీ బీబీ కోరింది. నర్సక్క మంచం ఈడ్చి తల ఉత్తరానికి పెట్టింది. బీబీని కుడి పక్కకు ఒత్తిగిలించి, జారిన కొంగు తలమీద కప్పింది.

"ఉత్తరం తలా! యముణ్ణి పిలిచినట్టే కదే!"

"అది మన ఇంటి మాటవ్వా."

అవ్వ చెంబు తీసుకుని విసురుగా వెళ్ళిపోయింది. గేటు దగ్గర పూలమ్మే ముస్లిం అక్కను పిలుచుకొస్తానని, బీబీ చేతిని నా చేతిలో పెట్టి నర్సక్క కూడా వెళ్ళింది. ఆ చెయ్యి చల్లబడుతోంది. వాళ్ళు వచ్చేలోగా పోతుందేమోనని నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను.

వచ్చారు. పూలక్క చెవిలో కలిమా చెప్పింది. బీబీ పెదవులు కదిలాయి. మూడోసారికి కదలలేదు.

నాది గట్టి నోరంటారు, గట్టి చెయ్యంటారు. అననీ. మేలు చేసే ముందు మాత్రం అడుగుతాను. మా ఆయన పోయేనాడు నోట్లో ఆఖరి పాలు పోయాలని బంధువులు గిన్నెతో నిలబడ్డారు. నేను ఆయన్నే అడిగాను. ఏళ్ళ తరబడి నేను వద్దన్న చక్కెర కాఫీ కావాలన్నాడు. స్పూనుతో అదే పోశాను.

ఇప్పుడు ఇంట్లో ఒక్కదాన్నే. నన్నెవరు అడుగుతారో తెలియదు.